కుక్కపిల్లయు, తరముల లెక్కయు

కుక్కను పెంచవలెనని ఒక కుటుంబము నిశ్చయించుకొన్నప్పుడు పూర్వము పుట్టు ప్రశ్నలు రెండే. ఏ జాతి కుక్క? ఆడదా, మగదా? ఇప్పుడు మూడవ ప్రశ్న యొకటి బయలుదేరినది. అది తరమును గూర్చిన ప్రశ్న. పూడిల్ జాతి కుక్కను లాబ్రడార్‌తోనో, గోల్డెన్ రిట్రీవర్‌తోనో, కాకర్ స్పానియల్‌తోనో జతపరచగా పుట్టిన సంకరజాతి పిల్లలకు నేడు ఆస్ట్రేలియా, అమెరికా, ఇంగ్లండు దేశములలో గొప్ప గిరాకి కలదు. లాబ్రడూడుల్, గోల్డెన్‌డూడుల్, కాకపూ అని వానికి ముద్దుపేర్లు. అమ్మువారు ఆ పేరుతో తృప్తిపడక దాని ప్రక్కన ఒక అక్షరమును, ఒక అంకెను కూడ చేర్చుదురు. ఎఫ్-1 అని యొకటి, ఎఫ్-1-బి అని యొకటి, ఎఫ్-2 అని యొకటి, బహుతరము అని మరియొకటి. బిడ్డల కోరిక తీర్చుటకు కుక్కపిల్లను చూడబోయిన తల్లిదండ్రులు బీజగణితము పాఠము వినుచున్నట్లు తెల్లబోయి నిలుతురు. చివరకు వారడుగునది ఒక్కటే: ఈ తరములలో ఏది మంచిది?

ఈ ప్రశ్నకు అమ్మకందార్లు ఇచ్చు సమాధానములు పెక్కు. కాని ఆ అంకె చెప్పునది కొంచెము, చెప్పనిది చాల ఎక్కువ. అంకెను చూచి కుక్కను కొనువారు తాము ఎరుగవలసిన ముఖ్యవిషయములను ఎరుగకయే ఇంటికి మరలుచున్నారు.

ఈ సంకరము ప్రసిద్ధికెక్కిన కథ తెలిసికొన్నచో సంగతి కొంత తేటపడును. 1980 దశకమున హవాయి ద్వీపములలోని ఒక అంధురాలు తనకు మార్గదర్శక శునకము కావలెనని ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరమునగల మార్గదర్శక శునకసంస్థను కోరెను. ఆమెకు కుక్క లేనిదే గడవదు. ఆమె భర్తకు కుక్కయన్నచో సరిపడదు. ఆ సంస్థలో కుక్కల పెంపకమును చూచుచుండిన వాలీ కాన్రన్ అను నాతడు మొదట సంకరమును తలపెట్టనేలేదు. వెండ్రుకలు అంతగా రాల్చని పూడిల్‌నే ఆ పనికి శిక్షితము చేయవచ్చునని ఆశించెను. ఒకటి కాదు, రెండు కాదు, 33 పూడిల్ కుక్కలను పరీక్షించెను. ఒక్కటియు పనికి రాలేదు. అప్పుడు లాబ్రడార్‌ను పూడిల్‌తో జతపరచగా 1989లో మూడు పిల్లలు పుట్టినవి. వాని వెండ్రుకలను, లాలాజలమును హవాయికి పంపి, ఆ భర్తకు సరిపడునో లేదో పరీక్ష చేయించిరి. మూడింటిలో ఒక్కటే సరిపడెను. దాని పేరు సుల్తాన్. అది ఆ అంధురాలి యింటికి పోయెను.

తక్కిన రెండు పిల్లలను పెంచుటకు తొలుత ఎవ్వరును ముందునకు రాలేదు. సంకరపు కుక్క ఎవరికి కావలెను? అప్పుడు కాన్రన్ వానికి లాబ్రడూడుల్ అని పేరు పెట్టి, ఆ సంగతి పత్రికలకెక్కునట్లు చేసెను. అంతటితో ఊరూరి నుండి కోరికలు వచ్చిపడినవి. ఆ పదము నిజమునకు క్రొత్తది కాదు. నీటిపై వేగమున ప్రపంచ రికార్డులు స్థాపించిన డోనాల్డ్ కాంప్‌బెల్ 1955లో ప్రచురించిన తన గ్రంథమున తన కుక్కను ఆ పేరుతోనే పేర్కొనియుండెను. కాని పేరునకు అంగడి ఏర్పడినది మాత్రము మెల్‌బోర్న్ కథతోనే. కుక్క మారలేదు, పేరు మారెను. కుక్క విలువయు మారెను.

ఈ కథలో లోకము గ్రహించినది పేరును. గ్రహింపవలసినది మరియొకటి కలదు. ఆ మూడు పిల్లలకును తల్లి యొక్కతే, తండ్రి యొక్కడే, తరమును ఒక్కటే. మూడును నేటి భాషలో ఎఫ్-1 తరపు పిల్లలే. ఐనను ఆ భర్తకు సరిపడినది ఒక్కటే. అది ఏదియో కనుగొనుటకు అంకె ఉపకరింపలేదు. పిల్లపిల్లను వేర్వేరుగ పరీక్షింపవలసి వచ్చెను. ఈ సంకరజాతి చరిత్రలో మొదటి పాఠమే ఇది. ఆ పాఠమును మరచిన తరువాతనే తరముల లెక్క ఇంత పెద్దదైనది.

ఇక ఆ లెక్క యేమో చూడవలెను. బ్రూనో పట్టణపు మఠమున బఠాణీ మొక్కలను సంకరపరచి గ్రెగర్ మెండెల్ 1865లో తాను కనుగొన్న సూత్రములను చదివి వినిపించెను. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఇంగ్లండులో విలియం బేట్సన్ మొదలగువారు ఆ సూత్రములను ప్రచారము చేయుచు, సంకరమున పుట్టిన మొదటి తరమునకు ఎఫ్-1 అనియు, రెండవ తరమునకు ఎఫ్-2 అనియు సంకేతములు వాడిరి. కుక్కల వర్తకులు ఎరువు తెచ్చుకొన్నవి ఆ గుర్తులే. శుద్ధమైన లాబ్రడార్‌కును, శుద్ధమైన పూడిల్‌కును పుట్టినది ఎఫ్-1. అట్టి రెండు ఎఫ్-1 కుక్కలకు పుట్టినది ఎఫ్-2. ఎఫ్-1 కుక్కను మరల శుద్ధ పూడిల్‌తో జతపరచగా పుట్టినది ఎఫ్-1-బి. ఇట్లు సంకరములను సంకరములతోనే మూడు నాలుగు తరములు కలిపిన పిదప పుట్టినవి బహుతరపు పిల్లలు.

ఈ గుర్తు తెలుగు రైతునకు వింత గాదు. మిరప, టమాట, వంగ విత్తనపు పొట్లములపై ఎఫ్-1 హైబ్రిడ్ అను మాటను అతడు చూచుచునే యున్నాడు. 1961లో గంగ, రంజిత్, దక్కన్ అను మొక్కజొన్న సంకర వంగడములు మనదేశమున విడుదలయినది మొదలు రైతులు అనుభవముచే నేర్చిన సత్య మొకటి కలదు. సంకర విత్తనము వేసిన చేను మొదటి యేడు ఒక్కతీరుగ నుండును. ఎత్తును, కాపును ఏకరీతి. ఆ పంటనుండి విత్తనము దాచి మరుసటి యేడు వేసినచో ఒక మొక్క పొడవు, ఒకటి పొట్టి, ఒకటి కాచును, ఒకటి కాయదు. విత్తొకటి వేసిన చెట్టొకటి మొలచునా యని సామెత. సంకరపు రెండవ తరమున మొలచును. ఎఫ్-1-కును, ఎఫ్-2-కును గల భేద మంతయు ఆ చేనిలోనే కానవచ్చును. కుక్కపిల్లను కొనువారు ఆ రైతును ఒక్కసారి అడిగినచో అమ్మకందారుని వాగ్ధాటికి లొంగిపోరు.

కుక్కలలో ఈ లెక్క ఎక్కువగ తెలియునది వెండ్రుక విషయమున. 2009లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధన, కుక్కల వెండ్రుకలలోని వైవిధ్యమునకు చాలవరకు మూడు జన్యువులే కారణమని తేల్చెను. ఒకటి మూతి చుట్టును, కనుబొమలపైనను మీసగడ్డముల వలె వెండ్రుకలు పెరుగునట్లు చేయును. ఒకటి నిడివిని, మరియొకటి ఉంగరములను నిర్ణయించును. మీసగడ్డములు గల కుక్కలు సాధారణముగ వెండ్రుకలను తక్కువగ రాల్చును. పూడిల్‌కు ఆ లక్షణము కలదు. లాబ్రడార్‌కును, గోల్డెన్ రిట్రీవర్‌కును లేదు. ఆ లక్షణము ప్రబలమైనది, అనగా తల్లిదండ్రులలో ఒకరినుండి వచ్చినను చాలును. కావున ఎఫ్-1 పిల్లలన్నిటికిని మీసగడ్డము లుండును. కాని అవి తమలో రెండవ పాలును దాచుకొనియే యుండును. అట్టి రెండింటిని జతపరచి ఎఫ్-2 పిల్లలను పుట్టించినచో సగటున నాల్గింట ఒకటి మీసగడ్డములు లేక, చదునైన మొగముతో, వెండ్రుకలు రాల్చుచు పుట్టును. ఎఫ్-1-ను పూడిల్‌తో మరల కలిపినచో ఆ భయము లేదు. ఎఫ్-1-బికి గిరాకి ఎక్కువగుటకు కారణ మిదియే.

ఉంగరముల సంగతియు ఇట్టిదే. ఎఫ్-1 పిల్లలకు సాధారణముగ అలలు దేరిన వెండ్రుక. ఎఫ్-1-బిలో సగమునకు అలలు, సగమునకు బిగువైన ఉంగరములు. ఎఫ్-2-లో తిన్ననివియు, అలలవియు, ఉంగరములవియు అన్నియు కలసియుండును. అంతేకాదు, రెండవ జనకుడు ఎవరను దానినిబట్టి కూడ ఫలము మారును. గోల్డెన్ రిట్రీవర్ నిడుపాటి వెండ్రుక గలది. పూడిల్ కూడ అట్టిదే. కావున వాని పిల్లలు నిడుపు వెండ్రుకవే యగును. లాబ్రడార్‌ది పొట్టి వెండ్రుక; పొట్టితనము ప్రబలము. కావున లాబ్రడూడుల్ ఎఫ్-1 పిల్ల తరచుగ బిరుసైన, అంత పొడవులేని వెండ్రుకతో పెరుగును. ఒకే ఎఫ్-1 అను గుర్తు రెండు సంకరములలో రెండు విధములైన కుక్కలను సూచించుచున్నది. అంకెను మాత్రమే నమ్మువారికి ఈ భేదము తెలియదు.

పైలెక్క యంతయు సగటు లెక్కయే యని మరువరాదు. నాల్గింట ఒకటి యన్నచో ఎనిమిది పిల్లల ఈతలో తప్పక రెండని కాదు. ఒకటి కావచ్చు, నాలుగు కావచ్చు, ఒక్కటియు లేకపోవచ్చు. ఎఫ్-1-బి పిల్లలో నూటికి 75 పాళ్లు పూడిల్ రక్తమందురు. అదియు సగటే. తోబుట్టువులలో ఒకదానికి అంతకంటె ఎక్కువయు, ఒకదానికి తక్కువయు వచ్చును. తరము చెప్పునది ఈతను గూర్చి. కుటుంబము ఇంటికి కొనిపోవునది పిల్లను. ఈ రెంటికిని గల దూరమే మోసపోవుటకు తావు.

వెండ్రుక రాలనిచో అలర్జీ యుండదను విశ్వాసము ఈ వర్తకమునకు మూలస్తంభము. ఆ స్తంభము లోపల బోలుగానున్నది. ఉబ్బసమును, తుమ్ములను కలిగించునది వెండ్రుక కాదు. కుక్క లాలాజలమునందును, చర్మపు పొట్టునందును ఉండు మాంసకృత్తులే అందుకు కారణము. వెండ్రుక రాలినను రాలకున్నను కుక్క నాకక మానదు, చర్మము పొట్టు విడువక మానదు. 2011లో అమెరికాలోని డిట్రాయిట్ పరిశోధకులు, ఒక్కొక్క కుక్క గల 173 ఇండ్లలో ధూళిని పరీక్షించిరి. అలర్జీ కలిగింపవని పేరుబడ్డ జాతులున్న ఇండ్లలో ఆ మాంసకృత్తు తక్కువగ కానరాలేదు. 2012లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు కుక్కల వెండ్రుకలనే పరీక్షింపగా, అట్టి పేరుగల జాతుల వెండ్రుకలలో అది ఎక్కువగనే కనబడెను. ఆ జాతులలో లాబ్రడూడుల్ కూడ కలదు. లాబ్రడూడుల్ ఉన్న ఇండ్లలో నేలపై ధూళియందు మాత్రము కొంత తక్కువ. గాలిలో భేదము లేదు. ఇంత తెలిసిన పిదపను, ఉబ్బసపు బిడ్డ గల ఇంట ఎఫ్-1-బి యను గుర్తును నమ్మి కుక్కను తెచ్చుట కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదుటయే యగును.

గొప్పవారికిని ఈ చిక్కు తప్పలేదు. బరాక్ ఒబామా అమెరికా అధ్యక్షుడుగ ఎన్నికయిన నాడు కుమార్తెలకు కుక్కపిల్లను వాగ్దానము చేసెను. పెద్ద కుమార్తెకు అలర్జీ. 2009 జనవరిలో లాబ్రడూడుల్, పోర్చుగీస్ జలశునకము అను రెంటిలో ఒకటి యని తేల్చిరి. ఏప్రిల్‌లో శ్వేతసౌధమునకు వచ్చినది పోర్చుగీస్ జలశునకము. దాని పేరు బో. లోకమున ప్రతి కుటుంబమును వేసికొను ప్రశ్ననే ఆ కుటుంబమును వేసికొన్నది. కాని అలర్జీ గలవారు చేయదగిన పని జాతిని ఎంచుట కాదు. ఎంచుకొన్న ఆ ఒక్క కుక్కతో కొన్ని దినములు కొన్ని గంటల చొప్పున గడపి చూచుట. హవాయి భర్త విషయమున జరిగిన పరీక్ష ఇట్టిదే.

సంకరము బలిష్ఠమను రెండవ వాదమును పరిశీలింపవలసి యున్నది. భిన్నజాతులు కలసినప్పుడు మొదటి తరమునకు ఒక ఓజస్సు కలుగుట శాస్త్రసమ్మతమే. పొలములలో అది ప్రత్యక్షము. కాని ఆ ఓజస్సు ఎఫ్-1-తో పరాకాష్ఠనందును. ఎఫ్-2-లోను, ఎఫ్-1-బిలోను సగము తరిగిపోవును. కావున వెండ్రుక నిశ్చయముగ నుండవలెనని ఎఫ్-1-బిని ఎంచుకొన్నవారు సంకరపు బలములో సగమును వదలుకొనుచున్నారు. సంకరపు బలము కావలెనని ఎఫ్-1-ను ఎంచుకొన్నవారు వెండ్రుక నిశ్చయమును వదలుకొనుచున్నారు. రెండును ఒకే పిల్లలో పూర్తిగ లభించునని చెప్పు అమ్మకందారుడు ప్రకృతికంటె ఉదారుడు!

కుక్కలలో ఆ బలము ఎంతవరకు కానవచ్చుచున్నదను ప్రశ్న వేరు. లండనులోని రాయల్ వెటర్నరీ కళాశాల పరిశోధకులు 2024లో ప్రకటించిన విచారణ యొకటి కలదు. కాకపూ, లాబ్రడూడుల్, కావపూ అను మూడు పూడిల్ సంకరములను వాని మూలజాతులతో పోల్చి, 57 రుగ్మతలను గూర్చి విచారించిరి. 9,402 కుక్కల వివరములు సేకరించిరి. నూటికి 86.6 పోలికలలో సంకరమునకును, శుద్ధజాతికిని భేదము కానరాలేదు. మిగిలినవానిలో కొన్ని సంకరమునకు అనుకూలము, కొన్ని ప్రతికూలము. సంకరమును నిందించువారికిని, పొగడువారికిని ఈ ఫలితము ఒకేవిధముగ నిరుత్సాహకరము.

ఇందుకు కారణము కనుగొనుట కష్టము గాదు. ఒక జాతిలోని దోషమును మరియొక జాతి రక్తము కప్పును. కాని రెండు జాతులకును అదే దోషమున్నచో కప్పునది యేది? క్రమముగ చూపును హరించు ఒక నేత్రవ్యాధికి కారణమైన జన్యుదోషము లాబ్రడార్‌లోను కలదు, పూడిల్‌లోను కలదు. ఆ దోషము మరుగున మోయుచున్న లాబ్రడార్‌ను, అట్టి పూడిల్‌నే జతపరచినచో, పుట్టునది మొదటి తరమైనను, సగటున నాల్గింట ఒక పిల్ల గ్రుడ్డిదగుటకు సిద్ధమై పుట్టును. తుంటి కీలు పట్టు తప్పు వ్యాధియు ఈ జాతులన్నిటిలో కలదు. కావున అడుగవలసినది తరము కాదు: తల్లికిని, తండ్రికిని తుంటి యెక్స్‌రే తీసిరా? కన్నులు పరీక్షించిరా? జన్యుపరీక్ష కాగితము లేవి? ఈ ప్రశ్నలకు ఎఫ్-1 యను మాట సమాధానము గాదు. సంకరములకు పరీక్షలక్కరలేదను అమ్మకందారుని గడప వెంటనే దిగిరావలెను.

బహుతరపు పిల్లలలో ఏకరూపత యుండునని మూడవ వాదము. అది చాలవరకు నిజమే. కాని ఆ ఏకరూపత ఎట్లు వచ్చినది? ఆస్ట్రేలియన్ లాబ్రడూడుల్ అను బహుతరపు కుక్కలను అమెరికా శాస్త్రజ్ఞులు జన్యుపరీక్ష చేసి 2020లో ఫలితములు ప్రకటించిరి. వానిలో లాబ్రడార్ పాలుకంటె పూడిల్ పాలు మిక్కిలి ఎక్కువ. తరతరమునను కొనువారు ఉంగరముల వెండ్రుకనే కోరిరి. పెంచువారు అట్టివానినే ఏరి జతపరచిరి. తుదకు లాబ్రడార్ పేరు మిగిలినది, పూడిల్ శరీరము మిగిలినది. నిశ్చయమును కోరి సంకరమున ప్రవేశించినవారు చుట్టుదారిని పోయి మరల శుద్ధజాతి గుమ్మమునకే చేరిరి. వెండ్రుక రాలని తెలివైన కుక్కయే కావలెనన్నచో పూడిల్ ఎదుటనే యున్నది. దానిని అడుగువారు తక్కువ; అలంకారపు కత్తిరింపులతో ప్రదర్శనలలో కనబడుటచే దానిని విలాసవతుల కుక్కగ లోకము తలచుచున్నది. ఆ కత్తిరింపును మానిపించిన పూడిల్‌ను చాలమంది గుర్తుపట్టనే లేరు.

ఇక కుటుంబము తన్నుతాను అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఈ యింట చీపురు పట్టుటకు ఓపిక యున్నదా, దువ్వెన పట్టుటకు ఓపిక యున్నదా? వెండ్రుక రాల్చు కుక్క ఇల్లు ఊడ్పించును. రాల్చని కుక్క తన్ను దువ్వించుకొనును. రాలవలసిన వెండ్రుక రాలక ఉంగరములలో చిక్కుకొని జడలుగట్టును, జడల క్రింద చర్మము పుండగును, కుక్క బాధపడును. దినము విడచి దినమైనను కుదుళ్లవరకు దువ్వవలెను. ఆరు, ఎనిమిది వారములకొకసారి కత్తిరింపించవలెను. ఇది ఒక యేడు కాదు. 12 మొదలు 14 సంవత్సరములు. ఎఫ్-1-బిని కోరువా రందరును ఈ దువ్వెనను గూడ కోరుచున్నట్లే. ఈ సంగతి చెప్పని అమ్మకము సగము నిజము.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములలోను ఈ ప్రశ్న వినబడుచున్నది. పిల్లలు కుక్కను కోరుదురు. తల్లి ఇల్లు శుభ్రముగ నుండవలె ననును. ఊరినుండి ఆరుమాసములకై వచ్చిన అమ్మమ్మ పూజగదిలో వెండ్రుక కనబడిన నొచ్చుకొనును. వెండ్రుక రాలదను ఒక్క మాటతో ముగ్గురును సమాధానపడుదురు. కాని పగలంతయు దంపతులిద్దరు ఉద్యోగములకును, పిల్లలు బడికిని పోవు ఇంట ఏ తరపు కుక్కయైనను ఒంటరిగ నుండవలసినదే. లాబ్రడార్ వేటకు, పూడిల్ నీటిపక్షుల వేటకు పుట్టిన జాతులు. రెండును పరుగు కోరును, పని కోరును. అవి లేనిచో సోఫా దిండ్లను చించి తమ పని తామే కల్పించుకొనును. ఈ గుణమును తగ్గించు తరము ఇంతవరకు పుట్టలేదు.

అట్లని తరముల లెక్క నిరర్థక మనుట న్యాయము గాదు. దాని స్థానము దానికి కలదు. ఇంట ఎవ్వరికిని అలర్జీ లేక, కొంత వెండ్రుక రాలినను బాధలేనిచో ఎఫ్-1 చాలును. దాని అలల వెండ్రుకను దువ్వుటయు కొంత సులభము. వెండ్రుక తక్కువగ రాలుట ముఖ్యమై, దువ్వుటకు చేతులున్నచో ఎఫ్-1-బి వైపు మొగ్గవచ్చును. ఎఫ్-2-లో వైవిధ్య మెక్కువ. తల్లిదండ్రుల జన్యుపరీక్ష చూడక దానిని వెండ్రుక నిమిత్తమై ఎంచుట జూదము. బహుతరమును కోరువారు తాము పొందునది ముప్పాతికకు మించిన పూడిల్ కావచ్చునని యెరిగి కోరవలెను. చిన్న పిల్ల వెండ్రుక మొదటి యేడాదిలో మారును గనుక రెండు మాసముల పిల్లను చేత నిమిరి ముద్దుగ నున్నదని మురియుటకంటె, చెంపనుండి తీసిన కొద్ది తడితో చేయు జన్యుపరీక్ష నమ్మదగినది.

కాని ఇదంతయు జాబితాలో చివరకు రావలసినది. మొదట తల్లిని చూడవలెను. క్రొత్తవారిని చూచి అది బెదరుచున్నదా, తోక ఆడించుచున్నదా గమనింపవలెను. పిదప పరీక్షల కాగితములు. పిదప పిల్ల పెరిగిన చోటు. మనుష్యుల నడుమ పెరిగినదా, దొడ్డిలో బోనున పెరిగినదా? ఆ తరువాత ఆ ఒక్క పిల్ల స్వభావము. అన్నియు సరిపడిన పిమ్మట తరమడిగినను దోషములేదు. నేడు జరుగుచున్నది తలక్రిందులుగ జరుగుచున్నది. మొదట అంకె, పిదప రంగు, పిదప వెల. తల్లి ముఖము చూచినవారు అరుదు.

ఈ వ్యామోహము చూచి నొచ్చుకొన్నవారిలో కాన్రన్ కూడ ఒకడు. 2019లో ఆస్ట్రేలియా రేడియో సంస్థతో మాటలాడుచు, ఈ సంకరమునకు తాను తోవ చూపినందుకు పశ్చాత్తాపపడుచున్నానని అతడు చెప్పెను. రోగములను లెక్కింపక లాభమునకై ఇష్టము వచ్చినట్లు కుక్కలను జతపరచుట అతని ఆవేదనకు కారణము. అతడు కోరినది ఒక అంధురాలికి ఒక కుక్క. లోకము కోరినది ఒక పేరు. ఆ తరువాత పేరు చాలక అంకెను గూడ కోరెను.

ఆశ పెట్టుకొన్న వెండ్రుక రానప్పుడు, బిడ్డకు తుమ్ములు ఆగనప్పుడు, జడలు విప్పలేక విసిగినప్పుడు నష్టపడునది కొన్నవాడు మాత్రము కాదు. కొన్నవానికి డబ్బు పోవును. కుక్కకు ఇల్లు పోవును. అంకెను చూచి తెచ్చినవారు అంకె తప్పినదని విడిచిపెట్టుదురు. తిక్కన తెనిగించిన భారతమున మహాప్రస్థానకాలమందు ధర్మరాజు వెంట ఒక కుక్క నడచెను. స్వర్గరథము ముందు నిలిచినను అతడు దానిని విడువ నొల్లలేదు. అది ఏ జాతిదో, ఎన్నవ తరముదో అతడు విచారింపలేదు; నమ్మి వెంట వచ్చినదని మాత్రము చూచెను. కుటుంబములు కుక్కపిల్లను కొనునప్పుడు వెండ్రుకల లెక్క చూడవచ్చును, వ్యాధుల లెక్క తప్పక చూడవలెను. కాని పదునాలుగేండ్లు విడువకుండ ఉంచుకొనగలమా యను లెక్క తేలనిదే ఏ తరపు పిల్లను ఎత్తుకొనరాదు.